మందు మానలేక టీకా మానుకుంటున్నారు!

పాత సూదికి పెట్టిన పథ్యం కొత్త సూదికీ అంటగట్టడమే కారణం
సుల్తాన్ బజారు మాట పల్లెకు సరిగా చేరడం లేదు

సుల్తాన్ బజార్ (హైదరాబాదు): చీరల దుకాణాలకు, కోఠి పాత పుస్తకాల బండ్లకు పేరుపడిన సుల్తాన్ బజారులోనే రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ పెద్ద కార్యాలయాల ప్రాంగణం ఉన్నది. పల్లెల్లో పసిపిల్లలకు వేసే చుక్కల మందు మొదలు కుక్కకాటు సూది వరకు ఏ టీకా ఎవరికి, ఎప్పుడు, ఎన్ని మార్లు వేయాలన్న ఆదేశాలు జిల్లాలకు వెళ్లేది ఇక్కడి నుంచే. 2021 జనవరి 12న పుణె నుంచి విమానంలో వచ్చిన మొదటి విడత కరోనా టీకా పెట్టెలను శంషాబాదు నుంచి తెచ్చి దించినది కూడా కోఠిలోని శీతల నిల్వ కేంద్రంలోనే. ఇక్కడి నుంచి జిల్లాకు, జిల్లా నుంచి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి, అక్కడి నుంచి నర్సమ్మ భుజాన వేసుకునే చిన్న ఐసు పెట్టెలోకి టీకా ప్రయాణం చేస్తుంది. దారి పొడవునా రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చల్లదనం తప్పకుండా చూస్తారు. చల్లదనం తప్పితే టీకా చెడిపోతుంది గనుక ఇంత జాగ్రత్త.

ఇంత జాగ్రత్తతో టీకా చెడకుండా ఊరికి చేరుతున్నది. దానితోపాటు చేరవలసిన మాట మాత్రం దారిలోనే చెడిపోతున్నది. “సూది వేయించుకుంటే మందు ముట్టరాదు, ముడితే సూది పనిచేయదు” అన్న మాట పల్లెల్లో పాతుకుపోయింది. ఈ మాట విని తాగుడు మానినవారు ఎందరో తెలియదు గాని, తాగుడు మానలేక సూదికి పోని వారు మాత్రం ప్రతి ఊరిలోనూ కనిపిస్తారు. టీకాను కాపాడేందుకు పుట్టిన నిషేధమే టీకాకు అడ్డుపడుతున్నదన్న మాట. ఇతర టీకాల విషయంలో ఇది కొంత నష్టంతో పోవచ్చు. కుక్కకాటు విషయంలో మాత్రం ప్రాణం మీదికే వస్తున్నది.

పథ్యం లేని మందు ఉంటుందా?

పల్లె మనిషికి పథ్యం లేని మందు మందే కాదు. కామెర్లకు పసరు పోసినా పథ్యమే, పక్షవాతానికి నాటుమందు ఇచ్చినా పథ్యమే. సుల్తాన్ బజారుకు కూతవేటు దూరంలోని నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో మృగశిర కార్తెనాడు ఉబ్బసం రోగులకు ఇచ్చే చేపమందుకు కూడా 45 రోజుల పథ్యం చెప్పడం ఆనవాయితీగా వస్తున్నది. ఉప్పు, పులుపు, వంకాయ, మాంసం, కల్లు, ఏదో ఒకటి మానితే తప్ప మందు ఒంటికి పట్టదన్న నమ్మకం తరతరాలుగా ఉన్నది.

కాబట్టి ఆరోగ్య కేంద్రంలో సూది వేసినప్పుడు అక్కడివారు ఏమీ చెప్పకపోయినా గ్రామస్థుడు పథ్యం తానే ఊహించుకుంటాడు. ఇంటికి వచ్చేలోగా దారిలో నలుగురు నాలుగు రకాలుగా చెబుతారు. ఒకరు పది రోజులంటే మరొకరు నెల అంటారు, ఇంకొకరు మూడు నెలలంటారు. మన భాషలో వైద్యుడు ఇచ్చేదీ మందే, దుకాణంలో సీసాలో అమ్మేదీ మందే. మందు మీద మందు పడితే విషమవుతుందని రచ్చబండ మీద తేల్చేస్తారు. కొన్ని రకాల మాత్రల విషయంలో ఇందులో నిజం లేకపోలేదు. విరేచనాలకు ఇచ్చే మెట్రోనిడజోల్ మాత్ర వాడుతూ మద్యం తాగవద్దని వైద్యులు హెచ్చరిస్తారు. అయితే మాత్ర వేరు, టీకా వేరు. ఆ తేడాను గ్రామస్థునికి విడమరచి చెప్పేవారు లేరు.

గొర్రె మెదడు సూది

కుక్కకాటు సూదికి మద్యం పథ్యం ఎవరో కల్పించినది కాదు. ఒకప్పుడు వైద్యులే స్వయంగా చెప్పినది. దాని వెనుక తగిన కారణం కూడా ఉన్నది.

పిచ్చికుక్క కాటుకు మొదటి టీకాను 1885లో ఫ్రాన్సు దేశంలో లూయీ పాశ్చర్ వాడారు. మన దేశంలో కసౌలీలోని పరిశోధన సంస్థలో డేవిడ్ సెంపుల్ అనే వైద్యుడు 1911లో మరో పద్ధతి కనిపెట్టారు. గొర్రె మెదడులో వ్యాధి క్రిమిని పెంచి, ఆ మెదడును నూరి, కార్బాలిక్ ఆమ్లంతో క్రిమిని చంపి సూదిమందుగా తయారు చేసేవారు. ఇదే బొడ్డు చుట్టూ పధ్నాలుగు సూదులుగా పల్లెల్లో పేరుపడిన మందు. చవకగా తయారయ్యేది కాబట్టి దశాబ్దాలపాటు పేదలకు అదే దిక్కయింది. లెక్కలేనన్ని ప్రాణాలు కాపాడింది.

కాని దానిలో ఒక దోషం ఉండేది. మందుతోపాటు గొర్రె మెదడు పదార్థం కూడా మనిషి ఒంట్లోకి పోయేది. దానిని ఎదిరించే ప్రయత్నంలో కొందరి శరీరం తమ సొంత మెదడు మీద, నరాల మీద కూడా తిరగబడేది. కాళ్లు చేతులు పడిపోవడం, కొన్ని సందర్భాలలో మరణం కూడా సంభవించేవి. నరాలకు ఇంత గండమున్న మందు కాబట్టి, నరాలను దెబ్బతీసే మద్యాన్ని సూదులు నడిచినంతకాలం, ఆ తరువాత మరో నెల వరకు తాకవద్దని వైద్య విద్యార్థుల పాఠ్యపుస్తకాలలోనే రాశారు. బరువు పనులు చేయవద్దని, రాత్రుళ్లు మేలుకోవద్దని కూడా చెప్పేవారు. ఆనాడు ఆ పథ్యం అవసరమైనదే.

సూది పోయింది, పథ్యం మిగిలింది

ఆ గొర్రె మెదడు సూదికి మన దేశంలో 2004 డిసెంబరుతో కాలం చెల్లింది. తయారీని, వాడకాన్ని ఆపివేశారు. ఇప్పుడు వేస్తున్నవి ప్రయోగశాలలో జీవకణాలపై క్రిమిని పెంచి, చంపి, శుద్ధి చేసిన టీకాలు. హైదరాబాదు కేంద్రంగా ఉన్న ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థ అమ్మే అభయ్‌రాబ్ కూడా ఈ కోవలోనిదే. వీటిలో మెదడు పదార్థం లేదు. సూది బొడ్డు చుట్టూ కాదు, భుజానికి వేస్తారు. పధ్నాలుగు లేవు. చర్మంలోకి వేసే పద్ధతిలో కరిచిన రోజు, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు కలిపి నాలుగుసార్లు వెళితే చాలు. కండకు వేసే పద్ధతిలో పధ్నాలుగో రోజుతో కలిపి అయిదుసార్లు.

సూది మారి ఇరవై ఏళ్లు దాటినా పథ్యం మారలేదు. తాత వేయించుకున్న పధ్నాలుగు సూదుల కథ మనవడికి నిన్నటి కథలాగే చెబుతారు. సూది మారిందని చాటింపు వేసినవారు లేరు. నేటి టీకాకు తిండి పథ్యం ఏదీ లేదు. మాంసం మానవలసిన పనిలేదు, చింతపండు మానవలసిన పనిలేదు. పరిమితంగా తాగితే టీకా చెడిపోతుందనడానికి ఆధారాలు కూడా లేవు.

నష్టం ఎక్కడ జరుగుతున్నదంటే ఇరవై ఎనిమిది రోజుల దగ్గర. పల్లెలో ఇరవై ఎనిమిది రోజులు గడిస్తే అందులో ఒక పెళ్లో, ఒక బోనమో, ఒక దావతో రాకుండా ఉండదు. మొదటి రెండు సూదులు భయంతో వేయించుకుంటారు. ఇంతలో దావతు వస్తుంది, నలుగురితోపాటు తాగుతారు. తాగినాక “ఇక సూది పాడయింది, మళ్లీ పోయి ప్రయోజనమేమి?” అని మిగిలినవి మానుకుంటారు. ఇంకొందరు “పండుగ పోనీ, తరువాత చూద్దాం” అని మొదటి సూదినే వాయిదా వేస్తారు. గాయం మానిపోతుంది, సంగతి మరిచిపోతారు.

భారత వైద్య పరిశోధన మండలి 2022-23లో దేశంలోని 60 జిల్లాలలో జరిపిన సర్వే ఫలితాలు ఇక్కడ గమనించదగినవి. ఏటా దేశంలో సుమారు 91 లక్షల మందిని జంతువులు కరుస్తున్నాయని, 5,700కు పైగా ప్రజలు పిచ్చికుక్క కాటు వ్యాధితో మరణిస్తున్నారని ఆ లెక్కల అంచనా. కరిచినవారిలో రమారమి అయిదుగురిలో ఒకరు ఒక్క సూది కూడా వేయించుకోలేదు. మొదలుపెట్టిన వారిలో దాదాపు సగం మంది పూర్తి చేయలేదు. దీనికి కారణాలు అనేకం ఉండవచ్చు. ఆసుపత్రి దూరం ఒకటి, పోయే కూలి ఒకటి, కుక్క పెంపుడుదే కదా అన్న ధీమా ఒకటి. ఆ కారణాల సరసన మద్యం పథ్యాన్ని కూడా చేర్చి చూడవలసి ఉన్నది.

రష్యా చెప్పిన 42 రోజులు

పాతబడిన ఈ నమ్మకానికి కరోనా కాలంలో కొత్త బలం వచ్చింది. 2020 డిసెంబరులో రష్యా ప్రభుత్వం తమ దేశంలో స్పుత్నిక్ టీకా వేయడం ప్రారంభించింది. టీకాకు రెండు వారాల ముందు నుంచీ, మొదటి సూది తరువాత 42 రోజుల వరకూ మద్యం మానాలని అక్కడి ఆరోగ్య అధికారి ఒకరు ప్రకటించారు. అంటే మొత్తం 56 రోజులు. మద్యానికి పేరుపడిన ఆ దేశంలో ఇది పెద్ద కలవరమే రేపింది. టీకాను కనిపెట్టిన గమలేయా సంస్థ అధిపతి గింట్స్‌బుర్గ్ వెంటనే కలగజేసుకోవలసి వచ్చింది. ప్రతి సూది తరువాత మూడు రోజులు మానితే చాలునని, ఒక్క గ్లాసు షాంపేను వల్ల ఎవరికీ నష్టం లేదని ఆయన వివరించారు.

ఆ టీకాకు మన దేశంలో భాగస్వామి హైదరాబాదుకు చెందిన డాక్టర్ రెడ్డీస్ సంస్థ. 2021 మే 14న దేశంలో మొదటి స్పుత్నిక్ సూది వేసినది కూడా హైదరాబాదులోనే. దిగుమతి చేసిన సూది ధర అప్పట్లో పన్నుతో కలిపి 995 రూపాయల 40 పైసలు ఉండేది. పల్లెల్లో ఈ సూది వేయించుకున్నవారు అరుదు. పల్లెలకు ఉచితంగా అందినవి పుణె కొవిషీల్డు, హైదరాబాదు శివారులోని జినోమ్ వ్యాలీలో తయారైన కొవాగ్జిన్. కాని స్పుత్నిక్ సూది రాని ఊళ్లకు కూడా స్పుత్నిక్ పథ్యం చేరింది. 42 రోజుల మాట సెల్‌ఫోనులలో పాకి అన్ని సూదులకూ అంటుకున్నది. మూడు రోజులన్న సవరణ మాత్రం అంత దూరం పాకలేదు.

మద్యం వల్ల టీకా శక్తి తగ్గుతుందనడానికి ఆధారం లేదని కేంద్ర ఆరోగ్య శాఖ తన ప్రశ్నలు, సమాధానాలలో ప్రకటించింది. అయితే కార్యాలయంలో అచ్చయిన సమాధానానికి, కల్లు కాంపౌండులో పుట్టిన ప్రశ్నకు మధ్య దూరం చాలా ఉన్నది.

ఒకచోట నిషేధం, ఒకచోట బహుమానం

ఈ గందరగోళంలో అధికారుల పాత్ర కూడా లేకపోలేదు. అదే 2021లో ఇతర రాష్ట్రాలలో జరిగినవి చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. తమిళనాడులోని నీలగిరి జిల్లాలో సెప్టెంబరులో టీకా వేయించుకున్న ధ్రువపత్రం చూపితేనే సర్కారీ దుకాణంలో మద్యం అమ్మాలని ఉత్తర్వు చేశారు. మధ్యప్రదేశ్‌లోని ఖండ్వా జిల్లాలో నవంబరులో రెండు సూదులూ అయినవారికే మద్యం అన్నారు. ధ్రువపత్రం లేకపోతే ఎలాగని అడిగితే, తాగేవారు అబద్ధమాడరు, నోటిమాట చాలునని అక్కడి ఎక్సైజు అధికారి సెలవిచ్చారు. అదే రాష్ట్రంలోని మందసోర్‌లో రెండు సూదులు వేయించుకున్న వారికి కొన్ని దుకాణాలలో ధరలో పది శాతం తగ్గింపు ప్రకటించారు.

ఒకచోట సూదికి మద్యం శత్రువు, మరొకచోట సూదికి మద్యమే బహుమానం. ఇవన్నీ పత్రికలలో చదివిన సామాన్యుడు దేనిని నమ్మాలి? మద్యం వ్యాపారం మీద పట్టు, టీకా మీద పట్టు రెండూ ప్రభుత్వం చేతిలోనే ఉన్నాయి. రెండింటి గురించీ ఒకే నోట స్పష్టమైన మాట చెప్పడం ప్రభుత్వానికి కష్టం కాకూడదు.

తాగుడు అసలేం చేస్తుంది?

మద్యం వల్ల టీకా చెడదు అనగానే ఎంత తాగినా ఫరవాలేదని అర్థం చేసుకోరాదు. టీకా అంటే రోగాన్ని ఎదిరించే సైన్యాన్ని ఒంట్లో తయారుచేసే ప్రయత్నం. అప్పుడప్పుడు కొద్దిగా తాగినందువల్ల ఆ సైన్యం చెదరదు. రోజూ విపరీతంగా తాగేవారి శరీరంలో మాత్రం సైన్యమే బలహీనంగా ఉంటుంది. కాలేయం దెబ్బతిని ఉంటుంది, తిండి సరిగా ఉండదు. నిమ్ము వంటి జబ్బులు వారికి త్వరగా సోకుతాయి.

దీనికి మంచి నిదర్శనం కాలేయానికి వచ్చే హెపటైటిస్-బి టీకా. హైదరాబాదులోనే శాంతా బయోటెక్నిక్స్ సంస్థ 1997లో ఈ టీకాను దేశీయంగా తయారుచేసి చవక ధరకు అందుబాటులోకి తెచ్చిన సంగతి తెలిసిందే. ఏళ్ల తరబడి విపరీతంగా తాగినవారిలో ఈ టీకాకు తగిన రక్షణ పుట్టకపోవడాన్ని వైద్యులు ఎన్నోసార్లు గమనించారు. అంటే సూదికి ముందు నాడో, తరువాత నాడో తాగిన ఒక గ్లాసు కంటే, ఏళ్లుగా తాగుతున్న సీసాలే ఎక్కువ చెరుపు చేస్తాయి. ఇది సూది నాటి పథ్యంతో తీరేది కాదు.

ఇక సూది వేయించుకున్న నాడు, మరునాడు తాగవద్దని చెప్పడంలో వేరే ప్రయోజనం ఉన్నది. కరోనా సూది వంటి కొన్ని టీకాల తరువాత ఒకటి రెండు రోజులు జ్వరం, తలనొప్పి, ఒళ్లు నొప్పులు రావడం సహజం. ముందురోజు ఎక్కువగా తాగినవారికి తెల్లవారి తలనొప్పి, వాంతి, నీరసం రావడమూ సహజమే. రెండూ కలిస్తే ఏది దేనివల్ల వచ్చిందో చెప్పడం వైద్యునికి కూడా కష్టం. కాని ఊరు మాత్రం సీసాను వదిలి సూదినే తప్పుపడుతుంది. “ఫలానా అతనికి సూది పడలేదు, మంచాన పడ్డాడు” అన్న మాట పుడితే ఆ వాడలో పదిమంది సూదికి దూరమవుతారు. పైగా జ్వరానికి ఇచ్చే పారాసెటమాల్ మాత్రలను విపరీతంగా తాగేవారు ఎక్కువ మోతాదులో మింగితే కాలేయానికి ప్రమాదం. అందుచేత సూది నాడూ, ఆ తరువాత రెండు మూడు రోజులూ తాగకుండా ఉండడం మేలు. తాగినంత మాత్రాన సూది వృథా అయిపోయిందనుకోవడం పొరపాటు.

ఒక్కసారిగా మానమంటే?

“నలభై రోజులు మానేయండి” అని చెప్పడం సులభం. రోజూ తాగే మనిషి ఒక్కసారిగా మానితే ఏమవుతుందో రాష్ట్ర ప్రజలు రెండుసార్లు చూశారు.

2015లో కల్తీ కల్లు మీద అధికారులు దాడులు చేసినప్పుడు నిజామాబాదు, మహబూబ్‌నగర్, మెదక్ ప్రాంతాలలో అనేకమంది వణుకుతో, ఫిట్స్‌తో, పిచ్చిపిచ్చి మాటలతో ఆసుపత్రుల పాలయ్యారు. కల్లులో కలిపే అల్ప్రాజోలం, డైజిపాం వంటి మత్తు పదార్థాలకు వారి శరీరం అలవాటు పడి ఉండడమే కారణం. 2020 మార్చిలో కరోనా లాక్‌డౌనుతో మద్యం దుకాణాలు మూతపడినప్పుడు ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి ఇదే బాధతో వచ్చేవారి సంఖ్య ఒక్కసారిగా పెరిగింది. మే 6న తెలంగాణలో దుకాణాలు తిరిగి తెరిచారు.

కల్తీ కల్లు బెడద ఆనాటితో పోలేదు. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి పలువురు మరణించారు. ఇటువంటి కల్లుకు అలవాటు పడిన కూలీకి కుక్క కరిస్తే, నెల రోజులు కల్లు మానితేనే సూది అని చెప్పడమంటే సూది వద్దని చెప్పినట్లే. మానే ప్రయత్నం చేస్తే వణుకు, ఫిట్స్. మానకపోతే సూది లేదు. ఈ రెండింటి మధ్య అతడు చాలాసార్లు సూదినే వదులుకుంటాడు. తాగుడు మాన్పించడం మంచిదే. అది వైద్యుని పర్యవేక్షణలో నెమ్మదిగా జరగవలసిన పని. దానిని సూదికి షరతుగా పెట్టరాదు.

కుక్కకాటు వాయిదా ఎరుగదు

మిగిలిన టీకాలను ఈ రోజు కాకపోతే రేపు వేయించుకోవచ్చు. కుక్కకాటు సూదికి ఆ వెసులుబాటు లేదు. పిచ్చికుక్క లాలాజలంలోని క్రిమి గాయం నుంచి నరాల వెంట మెదడుకు ప్రయాణం చేస్తుంది. లక్షణాలు సాధారణంగా రెండు మూడు నెలలకు బయటపడతాయి. అంతకు ముందే కూడా రావచ్చు. నీటిని చూస్తే భయం, గొంతు బిగిసిపోవడం మొదలయ్యాక నల్లకుంట ఫీవరు ఆసుపత్రికి తీసుకువచ్చినా బతికించడం దాదాపు అసాధ్యం. క్రిమి మెదడుకు చేరకముందే శరీరానికి రక్షణ కల్పించడమే సూది చేసే పని. ఈ పరుగుపందెంలో దావతు కోసం పోగొట్టుకున్న ఒక్కొక్క రోజూ క్రిమికే లాభం.

తాగి దారిపక్కన పడిపోయినవారిని కుక్క కరిస్తే వారికి ఆ సంగతే సరిగా గుర్తుండదు. ఇంటివారే గాయం చూసి పసిగట్టాలి. అతడు మత్తులో ఉన్నా సరే, తెల్లవారేదాకా ఆగకుండా పారే నీటి కింద గాయాన్ని సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. కారం, సున్నం, పసుపు, ఆకు పసరు వంటివి పెట్టరాదు. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. చర్మం చీల్చుకుని రక్తం వచ్చిన గాయమైతే టీకాతోపాటు గాయం చుట్టూ వేసే సీరం కూడా అవసరమవుతుంది. తాగి వచ్చాడన్న కారణంతో కుక్కకాటు మనిషిని వెనక్కు పంపడం ఏ ఆరోగ్య కేంద్రానికీ తగదు.

మధ్యలో సూది తప్పినవారు కూడా నిరాశపడవలసిన పనిలేదు. ఏడో రోజు సూది పదో రోజున గుర్తుకు వచ్చినా వెంటనే వెళ్లాలి. మళ్లీ మొదటి నుంచి ప్రారంభించనక్కరలేదు, ఆగినచోటు నుంచి కొనసాగిస్తారు. మధ్యలో తాగినా మిగిలిన సూదులు తప్పక వేయించుకోవలసిందే. నిన్న తాగాడు కాబట్టి ఈ రోజు సూది మానడమంటే, ఒక తప్పుకు మరొక ప్రాణాంతకమైన తప్పును జోడించడమే.

చేయవలసినవి

కుక్కల ద్వారా వచ్చే ఈ వ్యాధిని 2030 నాటికి దేశం నుంచి తొలగించాలని కేంద్ర ప్రభుత్వం 2021లో కార్యాచరణ పథకం ప్రకటించింది. వీధికుక్కల బెడదపై 2025లో సుప్రీంకోర్టు దాకా వివాదం నడిచింది. కుక్కలను ఎక్కడ ఉంచాలన్న దానిపై పెద్ద చర్చ సాగింది. కరిచిన మనిషి నాలుగు సూదులూ పూర్తి చేశాడా లేదా అన్న చిన్న విషయంపై అంతటి శ్రద్ధ కనిపించదు.

దీనికి పెద్ద ఖర్చేమీ కాదు. సూది చీటీ మీద తరువాతి తేదీలతోపాటు రెండు వాక్యాలు పెద్ద అక్షరాలతో తెలుగులో అచ్చు వేయిస్తే చాలు: “ఈ సూదికి పథ్యం లేదు. తాగినా సూది మానవద్దు.” కాటుకు వచ్చినవారి పేర్లు ఆశా కార్యకర్తకు తెలిపితే ఇరవై ఎనిమిదో రోజున ఇంటికి పోయి గుర్తు చేయగలదు. గ్రామ పంచాయతీ చాటింపులో ఒకమాట, కల్లు కాంపౌండు గోడమీద ఒక కాగితం ఉన్నా ప్రయోజనం ఉంటుంది. ఈ మాట ఎక్కువగా చేరవలసినది అక్కడికే.

తాగుడును సమర్థించడానికి ఈ మాట చెప్పడం లేదు. కల్లు, సారా, సీసాల వల్ల ఎన్ని సంసారాలు గుల్ల అయినాయో పల్లె ఆడపడుచులకు వేరే చెప్పనక్కరలేదు. అయితే తాగుడు మాన్పించే పోరాటం వేరు, ప్రాణం కాపాడే సూది వేరు. ఆ రెంటినీ ముడిపెట్టి చివరకు రెండూ పోగొట్టుకుంటున్నారు.

సుల్తాన్ బజారు నుంచి బయలుదేరే టీకా పెట్టెకు దారి పొడవునా చల్లదనం ఎంత ఉన్నదో చూసి రాసుకునే ఏర్పాటు ఉన్నది. టీకాతోపాటు బయలుదేరే మాట ఊరికి చేరేసరికి ఎలా మారిందో చూసేవారు కూడా ఉండాలి. వైద్య ఆరోగ్య శాఖ అధికారులు ఈ విషయమై వెంటనే శ్రద్ధ వహించి, ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి స్పష్టమైన ఆదేశాలు పంపవలసిన అవసరం ఎంతైనా ఉన్నది.